ఇత్తడి గొట్టంలో అమీబా

పాత సామాన్లవాడు మైక్రోస్కోపును ఒక చేత్తో పట్టుకున్నాడు. బయాలజీ టీచరు రెండు చేతులతో పట్టుకుంది. మధ్యలో నిలబడ్డ హెడ్‌మిస్ట్రెస్, పిల్లలు చూస్తే బాగోదని ఇద్దరికీ సమంగా చెప్పింది.

సాయంత్రం కొత్త లాబ్ తెరుస్తున్నారు. కొత్త మైక్రోస్కోపులు బల్లల మీద పెళ్ళివారిలా బిగుసుకుని కూర్చున్నాయి. ఈ ఇత్తడిదాన్ని మాత్రం అప్పుడే అటక మీంచి దించారు. దాంతోపాటు దిగిన దుమ్ముతో ఇంకో గది కట్టుకోవచ్చు.

"దీంట్లోంచి నా వేలు కూడా కనపడటం లేదమ్మా," అంది హెడ్‌మిస్ట్రెస్.

తుడిస్తే అన్నీ కనపడతాయని టీచరు వాదించింది. ఆమె ఈ బళ్ళోనే చదివింది. మొట్టమొదటి అమీబాని ఈ గొట్టంలోంచే చూసింది. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, వెనకాల వరసలో ఉన్నవాళ్ళు జడ పట్టి లాగుతున్నా కదలకుండా చూసింది. తర్వాత తాళి కట్టినవాడి మొహాన్ని కూడా అంత పరీక్షగా చూడలేదు. ఒకే ఒక్క కణం, అదే ఒళ్ళు, అదే నోరు, కావాల్సిన చోట కాళ్ళు సాచుకుని నడిచిపోతోంది. ఆ రోజే ఆమె బయాలజీ తప్ప ఇంకేదీ చదవనని ఇంట్లో చెప్పేసి అన్నం మానేసింది. సాయంత్రం ఆకలేసి తినేసిందనుకోండి, అది వేరే సంగతి.

ఇంతలో, ఆమెకి అప్పట్లో బయాలజీ చెప్పిన చుక్కల మాస్టారు వచ్చారు. కణం బొమ్మ గీస్తే లోపలంతా పెన్సిలు చుక్కలే పెట్టాలనేవారు, గీతలు గీస్తే చెవి మెలేసేవారు కాబట్టి ఆయనకా పేరు. రిటైరై చాలా కాలమైంది. లాబ్ ప్రారంభించడానికి ఆయన్నే పిలిచారు.

హెడ్‌మిస్ట్రెస్ తీర్పు ఆయనకే వదిలేసింది. ఆయన ఉంచమంటే అద్దాల బీరువాలో పెడుతుంది, లేదంటే తూకానికి వేసేస్తుంది.

టీచరు మాస్టారి వైపు తిరిగింది. "మీరే చెప్పండి సార్. ఆ రోజు నేను చూస్తుండగానే అమీబా రెండుగా విడిపోయింది. మా అమ్మాయికి ఇప్పటికీ కథలా చెప్తాను."

మాస్టారు మైక్రోస్కోపుని చేతుల్లోకి తీసుకున్నారు. ఇత్తడి మీద బొటనవేలితో నెమ్మదిగా రాశారు. ఆయన కళ్ళు చెమర్చాయి.

"ఉంచండమ్మా," అన్నారు. "ఎంతమంది పిల్లల్ని ఈ దారికి తెచ్చిందో."

సామాన్లవాడు ఖాళీ సంచి దులుపుకుని వెళ్ళిపోయాడు. హెడ్‌మిస్ట్రెస్ బీరువా తాళాల కోసం వెళ్ళింది. టీచరు కళ్ళు తుడుచుకుని, ఆ అమీబాని ఒక్కసారి తనకి మళ్ళీ చూపించమని మాస్టారిని చిన్నపిల్లలా అడిగింది.

ఆయన తలుపు వైపు చూసి, గొంతు తగ్గించారు.

"ఇందులో లెన్సే లేదమ్మా, మీ బ్యాచ్ రాకముందే ఊడిపోయింది. ఏమీ కనపడటం లేదని మీలో ఒక్కరైనా అంటే, వెంటబెట్టుకుని ఆఫీసుకి వెళ్ళి కొత్తది తెప్పిద్దామని ఏడాదంతా ఎదురుచూశాను."