ఒక్క చుక్కా కారలేదు

నంద్యాల ఎన్జీఓస్ కాలనీలో ఒక ఇంటి ముందు కారు బానెట్ ఎత్తి ఉంది. ఇంజన్ నడుస్తోంది. చుట్టుపక్కల మనిషి అలికిడి లేదు. శేషయ్య బానెట్ దించాడు, సీట్లో కూర్చున్నాడు, గేరు వేశాడు. ఇన్నాళ్లూ బైకులతోనే నెట్టుకొచ్చిన శేషయ్యకు కారు దొంగతనం ఇదే మొదలు.

కడపలో బండి కొనే మనిషి సిద్ధంగా ఉన్నాడు. సాయంత్రం నాలుగు దాటితే మాత్రం బేరం లేదన్నాడు. శేషయ్య హుషారుగా పోతుండగా, ఆళ్లగడ్డ ఇంకో రెండు కిలోమీటర్లు ఉందనగా స్టీరింగు వెనక ఎర్ర లైటు వెలిగింది. బైకు మీద అలాంటి లైటును అతనెప్పుడూ చూడలేదు. ఊరు మొదట్లో ఇంజన్ మూలగడం మొదలుపెట్టేసరికి ఎదురుగా కనిపించిన షెడ్డులోకి తిప్పాడు.

'ఓబయ్య మెకానిక్ షెడ్డు' అని బోర్డు ఉంది. లోపల ఎవరూ లేరు. ఎక్కడికో పోయుంటాడులే అనుకుని శేషయ్య అరగంట కూర్చున్నాడు.

అప్పుడు రోడ్డు దాటి ఒకాయన గబగబా వచ్చాడు. మోచేతుల దాకా నల్లటి గ్రీజు, చొక్కా నిండా ఆయిల్ మరకలు.

"ఓబయ్యన్నా, బేగా చూడన్నా. ఏందో ఎర్ర లైటు వెలుగుతాంది. నాలుక్కంతా కడపలో ఉండల్ల."

ఆయన శేషయ్యను చూశాడు. కారును చూశాడు.

"బండి నీదేనా?"

"మాదే. మూడేండ్లాయ. బిడ్డ మాదిరి చూసుకుంటాండా."

"చూస్తాంటే తెలుస్తానే ఉంది" అన్నాడాయన.

బానెట్ మీట దొరక్క శేషయ్య తడుముకుంటుంటే, ఆయనే లోపలికి చెయ్యి పెట్టి లాగాడు. లోపలికి తొంగి చూడగానే లోపం దొరికిపోయింది.

"ఈ బండికి ఆయిల్ ఫిల్టరు కింద సందులో ఉంటాది. మార్చల్లంటే చెయ్యి దూరదు. అందుకని ఈ కిట్టు తెప్పించుకొని, రెండు పైపులేసి, ఫిల్టరును పైకి తెచ్చి పెట్టుకున్నారు. ఈ పైపు నట్టు ఉత్త చేత్తో తిప్పి ఇడ్సిపెట్టినారు. ఆయిలంతా కారిపోయింది."

"ఎవుడో చేతకానోడు బిగించినాడన్నా."

ఆయన ముఖం ముడుచుకుంది. "చేతకాక కాదప్పా. పని సగంలో ఉండంగా ఇంట్లో టిఫినుకు పిలిచుంటారు."

"నీకెట్ల తెలుసు?"

"ఎవురింట్లో అయినా అంతే గదా. సరే, ఆ నట్టు కింద నుంచి బిగించల్ల. నాకు నడుం పట్టుకుంది, నువ్వే దూరు."

శేషయ్య బండి కింద దూరాడు. పైనుంచి ఆయన "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటుంటే చేతులు బొబ్బలెక్కేదాకా బిగించాడు. తర్వాత ఎండలో బజారుకు నడిచి ఆయిల్ డబ్బా మోసుకొచ్చాడు. ఆయన చెప్పినట్టు ఇంజన్ కడిగి తుడిచాడు. అద్దాలు కూడా తుడవమంటే తుడిచాడు. ఇంత కష్టపడేదుంటే ఏ ఉద్యోగమో చేసుకునేవాణ్ణి గదా అని ఒకసారి అనిపించింది కూడా.

అంతా అయ్యాక ఆయన స్టీరింగు ముందు కూర్చున్నాడు.

"ఒక రౌండు తిప్పుకొని వస్తా. నువ్వు ఈడ్నే నిలబడి, నేను పోయిన దోవలో చుక్కలు పడతాండాయేమో చూడు."

కారు కదిలింది. శేషయ్య నడుం వంచి రోడ్డు మీద చాలా దూరం జాగ్రత్తగా వెతికాడు. ఒక్క చుక్కా కారలేదు. పనిమంతుడే అనుకుని తృప్తిగా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

ముప్పావుగంట తర్వాత మోపెడ్ మీద ఒక లావాటి మనిషి వచ్చి దిగాడు.

"ఎవరప్పా, నా కుర్చీలో కూర్చున్నావు?"

"ఓబయ్యన్న కోసం చూస్తాండా. నా బండి ట్రయలుకు తీసుకపోయినాడు."

"ఓబయ్యంటే నేనే."

శేషయ్యకు విషయం తలకెక్కడానికి ఒక నిమిషం పట్టింది. ఎక్కాక ఒళ్లు మండిపోయింది.

"దొంగనాయాలు. నమ్మి బండిస్తే ఎత్తుకపోయినాడన్నా. మనుషుల్లో నీతనేదే ల్యాకుండా పాయ."

"పా, స్టేషనుకు పోదాం" అన్నాడు ఓబయ్య.

శేషయ్య గతుక్కుమన్నాడు. "ఒద్దులేన్నా. పోతే పోయింది."

"కారు పోతే పోయిందంటాండావేందీ? వాడు చేసింది నా షెడ్డులో. రేపు నా కాడికి ఎవుడొస్తాడు? ఎక్కు."

ఓబయ్య చెయ్యి పట్టుకుంటే విడిపించుకునేది కాదు. మోపెడ్ వెనక కూర్చున్నాక శేషయ్యకు కొత్త ఆలోచన వచ్చింది. బండి నంబరు గుర్తుంది. కాగితాలు బండిలోనే ఉన్నాయంటే సరిపోతుంది. పోలీసులే వెతికి చేతికిచ్చిన బండిని ఇంకెవడు అనుమానిస్తాడు? ఆ ధైర్యంతో స్టేషను దగ్గర ముందుగా తనే దిగాడు.

కారు స్టేషను ముందే ఉంది. లోపల ఎస్సై ఎదురుగా కూర్చుని ఆ మనిషి టీ తాగుతున్నాడు. దొంగకు టీ ఇస్తున్నారా అని శేషయ్యకు కోపం ఆగలేదు.

"సార్, నా కారు ఎత్తుకపోయింది వీడే సార్. పట్టపగలు మోసం చేసినాడు."

ఎస్సై గ్లాసు కింద పెట్టి అతన్ని పైనుంచి కిందికి చూశాడు.

"నీకోసమే జీపు పంపిద్దామనుకుంటాండా, నువ్వే వచ్చినావు. ఈయన జయప్రకాష్ సారు, నంద్యాలలో లెక్కల టీచరు. కారు ఆళ్లగడ్డ రోడ్డు పట్టి పోయిందని ఎవరో చెప్తే, బస్సెక్కి వెతుక్కుంటా వచ్చినాడు. ఆ కారు ఈయనదే."