మూడోసారి తిరిగొచ్చిన ప్యాంటు

“మాస్టరు గారూ, మళ్ళీ అదేనండీ. కుడికాలు నేల రాస్తోంది,” అంటూ కస్టమరు ప్యాంటు పొట్లం బల్ల మీద పెట్టేసరికి టైలరు చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఇది మూడోసారి. ముప్ఫై ఏళ్ళలో తను కుట్టిన బట్ట ఒక్కటీ వెనక్కి రాలేదని వీధంతా చెప్పుకుని తిరిగే మనిషి ఆయన. ఆ పేరు కాస్తా ఈ బక్కపలచటి పెద్దమనిషి ధర్మమా అని మట్టి కొట్టుకుపోయేలా ఉంది.

“తొడుక్కుని నిలబడండి,” అని టేపు పెట్టి కొలిచాడు. రెండు కాళ్ళూ సమానం. వెంట్రుకవాసి తేడా లేదు.

“ఇప్పుడు నడవండి.”

నాలుగడుగులు వేశాడో లేదో, కుడి అంచు నేలంతా ఊడ్చేసింది.

“కళ్ళజోడు మార్చాలేమో,” అంది టైలరు భార్య, ఓ మూల కూర్చుని కాజాలు కుడుతూ. “పనిలో పని, ఆ కుంటే ఎడమకాలు కూడా డాక్టరుకి చూపించుకుంటే సరి.”

“నా కాలికేమొచ్చింది? మిషను తొక్కీ తొక్కీ పట్టేసిందంతే. కత్తెర పట్టినవాడు కత్తి పట్టినవాడి గడప తొక్కడు!” అని ఆమె నోరు మూయించి, కస్టమరు వైపు తిరిగాడు. “ఇంకోసారి నడవండి. మెల్లగా.”

ఈసారి ప్యాంటును చూడలేదు, మనిషిని చూశాడు. ఎడమకాలి మీద బరువు వేసి కుడికాలు ఎత్తినప్పుడల్లా ఆయన నడుము కుడివైపుకి జారుతోంది. బెల్టు కూడా అటే వాలుతోంది.

“తప్పు నా టేపుది కాదండీ బాబూ!” టైలరుకు ప్రాణం లేచొచ్చింది. “మీ నడుముది!”

“నడుముదా? ఎందుకలా అంటారు?” అన్నాడు కస్టమరు అమాయకంగా.

ఎందుకో టైలరుకు తెలియదు. తెలియదని ఒప్పుకునే రకమూ కాదు. “రేపు రండి, చెప్తా,” అన్నాడు గంభీరంగా.

అదృష్టం కలిసొచ్చింది. కటింగు నమూనాల కోసం భార్య ఆ సాయంత్రం తెచ్చిన పాత కాగితాల కట్టలో, ఒంట్లో కండరాల బొమ్మలున్న పుస్తకం ఒకటి దొరికింది. తుంటి బొమ్మ చూడగానే ఆయనకు అన్నీ కత్తిరించి పెట్టిన గుడ్డ ముక్కల్లాగే కనిపించాయి. పడుకోబోయే ముందు రెండుసార్లు చదివాడు.

మర్నాడు కస్టమరును నిలబెట్టి, సుద్దముక్కతో గాల్లో గీతలు గీస్తూ పాఠం మొదలుపెట్టాడు.

“వెనకవైపుది పెద్ద ముక్క. కుర్చీలోంచి లేవాలన్నా, మెట్లెక్కాలన్నా అదే దిక్కు. ముందున్నది తొడను పైకెత్తుతుంది. పొద్దస్తమానం కూర్చునేవాళ్ళకి అది కురచైపోతుంది. ఇక పక్కన విసనకర్రలా పరుచుకున్నది ఉందే, అదీ అసలు దొంగ! నడిచేటప్పుడు అడుగడుక్కీ ఓ క్షణం ఒంటికాలి మీదే ఉంటాం కదా? అప్పుడు నేల మీదున్న కాలి వైపు ఈ కండరం బిగబట్టి, నడుము రెండో పక్కకి జారకుండా ఆపుతుంది. మీకు ఎడమపక్కది డీలా పడింది. అందుకే కుడివైపు జారుతోంది.”

“ఎంత విడమరిచి చెప్పారండీ! మరి మందేమిటి?”

“మందూ లేదు, మాకూ లేదు. కుడిపక్కకి తిరిగి పడుకుని ఎడమకాలు తిన్నగా పైకెత్తాలి. రోజుకి ముప్ఫైసార్లు.”

“ఒక్కణ్ణే అయితే బద్ధకమండీ. మీరూ చేస్తానంటే చేస్తా.”

ప్యాంటు నాలుగోసారి తిరిగి రాకపోతే అదే పదివేలనుకుని టైలరు ఒప్పుకున్నాడు. ఆనాటి నుంచి మధ్యాహ్నం బేరాలు లేని వేళ ఇద్దరూ చాప పరిచి పక్కపక్కనే పడుకోవడం, కాళ్ళెత్తడం, భార్య లెక్కపెట్టడం. మొదటిరోజు ఎనిమిదోసారికే టైలరుకు ముచ్చెమటలు పోశాయి. పరాయివాడి ముందు పరువు పోతుందని పళ్ళు బిగబట్టి పది పూర్తి చేశాడు.

“మడమ కొంచెం వెనక్కి ఉండాలేమో కదండీ?” అని నసిగాడు కస్టమరు.

“అదే చెప్పబోతున్నా!” అని టైలరు తన మడమ సర్దుకున్నాడు.

రెండు నెలలు గడిచాయి. ఓ రోజు కస్టమరు అదే ప్యాంటు తొడుక్కుని కొట్టు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచాడు. అంచు నేలను తాకలేదు.

“చూశావా? నా టేపు తప్పు కాదని ముందే చెప్పానా లేదా!” అన్నాడు భార్యతో. ఆయన ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంత ఓపికైన కస్టమరుకు ఓ చొక్కా ఊరికే కుట్టిపెట్టాలనిపించింది. “ఉండండి, మంచి గుడ్డ చూపిస్తా,” అంటూ చకచకా మేడ మెట్లెక్కాడు.

గుడ్డ తాను చంకన పెట్టుకుని దిగుతూ సగం మెట్ల మీద ఉండగా, కింద భార్య గొంతు వినిపించింది.

“డాక్టరు గారూ, ఇక మా ఆయన కుంటడం లేదు.”