తప్పు ఫోన్ నంబరు

ల్యాబ్ కౌంటరులోని అమ్మాయి రిపోర్టు చేతిలో పెట్టగానే వనజ దాన్ని విప్పి చూసింది.

పాజిటివ్ అని ఉంటుందేమోనని భయపడింది. నెగెటివ్ అని ఉండాలని దారి పొడుగునా మొక్కుకుంది. తీరా చూస్తే ఆ రెండూ లేవు. 'ఈక్వివోకల్' అని ఉంది. పదో తరగతి దాకా చదివినా ఆ మాట ఆమెకు ఎక్కడా తగల్లేదు.

"గిదేందమ్మా?"

"ఇంకోసారి చూపించుకోవాలె," అంది ఆ అమ్మాయి తల ఎత్తకుండానే.

వెనక నలుగురు నిలబడి ఉన్నారు. వనజ ఇంకేమీ అడగలేకపోయింది.

అడగాలంటే అన్నీ చెప్పాలి. చనిపోయిన భర్త లారీ డ్రైవరనీ, ఆయనకు పదేపదే పొక్కులు లేచేవనీ, అది హెర్పిస్ అనే సుఖరోగమని డాక్టరు తేల్చాడనీ చెప్పాలి. ఎల్లారెడ్డిలో బీడీలు చేసుకుని బతికే ఆడమనిషి ఆ మాట బయటికి అంటే ఇంకేమైనా ఉందా? అందుకే ఎవరికీ చెప్పకుండా కామారెడ్డి దాకా వచ్చింది. పేరు అడిగితే పక్కింటి లక్ష్మీనర్సమ్మ పేరు చెప్పింది. ఫోన్ నంబరు అడిగితే నోటికొచ్చిన పది అంకెలు చెప్పింది.

వచ్చే నెలలో మహిపాల్‌తో పెళ్ళి. తాడ్వాయిలో మోటార్లు బాగుచేసే మనిషి, చాలా మంచివాడు. తనకేమైనా ఉండి ఆయనకు అంటుకుంటే ఎలా అన్నదే ఆమె భయమంతా.

గోడవారగా బెంచీ మీద తెల్లగడ్డం పెద్దాయన ఒకరు ఉర్దూ పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆమె దగ్గరికి రాగానే పేపరు మడిచాడు.

"బేటీ, గది ఉన్నట్టు కాదు, లేనట్టు కాదు. జర కూసో, చెప్త," అన్నాడు మెల్లగా.

 ఎవరీయన, ఈయనకెలా తెలిసింది? వనజ కాగితం కొంగులో దాచుకుని బస్టాండుకు పరుగులాంటి నడక నడిచింది. ఎల్లారెడ్డి బస్సెక్కి కిటికీలోంచి చూస్తే ఆయన రోడ్డవతల నిలబడి బస్సు బోర్డు చదువుతున్నాడు.

ఆ రోజు నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు. మహిపాల్ ఫోన్ చేస్తే ఎత్తలేదు.

పన్నెండు రోజుల తర్వాత బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు వెళ్తే గేటు దగ్గర ఆయనే ఉన్నాడు. లక్ష్మీనర్సమ్మ ఎవరని వరుసలో ఉన్న ఆడవాళ్ళను అడుగుతున్నాడు. ముప్పై ఏళ్ళు ఉంటాయట, బొటనవేలికి బీడీ ఆకు కోసే కత్తెర కోత ఉందట. ఆడవాళ్ళు నవ్వారు. ఊళ్ళో వాళ్ళకు తెలిసిన లక్ష్మీనర్సమ్మ ఒక్కతే, ఆమెకు డెబ్బై దాటి నోట్లో పళ్ళు కూడా లేవు.

వనజ బొటనవేలు చీర కుచ్చిళ్ళలో దాచుకుంది. బెదిరించడానికే వచ్చాడు. ఇవాళ ఊరంతా తెలిసిపోతుంది. ముందున్న ఈరవ్వ చెవిలో, "గీయన మొన్న కామారెడ్డిల నా ఎంటవడ్డడు," అంది.

ఆ ఒక్క మాట చాలు. ఈరవ్వ చెప్పు తీసింది. మిగతావాళ్ళు చుట్టుముట్టారు. ఆ తోపులాటలో పెద్దాయన టోపీ కింద పడింది. ఎందుకొచ్చావో చెప్పమని ఈరవ్వ నిలదీసింది.

ఆయన వాళ్ళ భుజాల మీదుగా వనజను చూశాడు. గుర్తుపట్టాడు. 

"తప్పయింది తల్లీ. వేరే ఊరు అనుకోని వొచ్చిన," అన్నాడు. టోపీ తీసి దులుపుకుని వెళ్ళిపోయాడు.

గండం గడిచిందనుకుంది గాని భయం పోలేదు. పెళ్ళి వారంలోకి వచ్చింది. మహిపాల్‌కు వద్దని చెప్పేద్దామని నిశ్చయించుకుంది. ఆ మాట అనే ముందు చివరిసారి రక్తం ఇచ్చి చూద్దామని మళ్ళీ కామారెడ్డి వెళ్ళింది.

బెంచీ ఖాళీగా ఉంది.

పేరు అడిగితే అలవాటుగా లక్ష్మీనర్సమ్మ అంది. కౌంటరు అమ్మాయి ఈసారి తల ఎత్తింది. మెడలోని కార్డు మీద ఇఫ్ఫత్ అని ఉంది.

"ఎన్నిసార్లు ఫోన్ చేసిన్నో అక్కా. మీ నంబరు కలుస్తలేదు."

సొరుగులోంచి ఒక కవరు తీసి ఇచ్చింది. మిగిలిన రక్తాన్ని హైదరాబాద్ పంపి వేరే పద్ధతిలో చూపించారట. నెగెటివ్ వచ్చింది. మొదటి పరీక్షలో వచ్చిన అంకె సరిగ్గా హద్దు మీద ఉందనీ, అలాంటప్పుడు మళ్ళీ చూస్తే తప్ప తేలదనీ ఆ అమ్మాయి చెప్పింది. వనజ మొదటిసారి నోరు విప్పి భర్త సంగతీ పెళ్ళి సంగతీ చెప్తే, ఆయన పోయి మూడేళ్ళయింది కాబట్టి దీన్ని నమ్మవచ్చంది. "ఒకవేళ ఉన్నా గూడ మునిగిపోయేది లేదక్కా. చేసుకునేటాయనకు చెప్పి, జాగ్రత్తగ ఉంటే అయిపోతది. మస్తు మందికి ఉంటది, తెల్వకుండనే బతుకుతరు."

వనజ అక్కడే కూలబడి ఏడ్చింది. ఇదంతా ఎవరు చేయించారని అడిగింది.

"గా బెంచీ మీద కూసునేటాయన, మా అబ్బా వజీర్, మా నాయిన. గీ మాట వొచ్చిన రిపోర్టు ఇచ్చేటప్పుడు నేను తల ఎత్తను. అబ్బాకు గదే గుర్తు. మీ ఊరికి గూడ వొచ్చిండు. మీరు దొరకలేదన్నడు."

దొరకలేదన్నాడు. అంతే చెప్పాడు.

"యాడున్నడమ్మా? కాళ్ళు మొక్కుత."

"పోయిన శుక్రారం, జుమ్మా నాడు గుండె ఆగి పోయిండు."

 వనజ చేతిలో ఫోన్ మోగింది. మహిపాల్.

దాన్ని ఎత్తకుండానే, "మీ అబ్బా డాక్టరా?" అంది.

"కాదు, టైలరు. ఫోన్ ఎత్తు అక్కా," అంది ఇఫ్ఫత్. "తొమ్మిదేండ్ల కింద ల్యాబ్ పని నేర్చుకుంటు నా రక్తమే నేను పరీక్ష చేసుకుంటే గిదే మాట వొచ్చింది. ఇంకోసారి చూపించకుండనే భయపడి నా నిఖా ఆపింది మా అబ్బానే."