దువ్వెన పళ్ల గీత

"భైజీ, ఆ దువ్వెన కోసం ఇంకా వెతుకుతున్నారా?" పక్క కుర్చీలోంచి రజనీ నవ్వింది. "కొత్తదాంట్లో లేదు. జుట్టు లేనివాళ్లకు దువ్వెనెందుకని తీసేసుంటారు."

మదన్ కుక్రేతీ బట్టతల తడుముకున్నాడు గానీ నవ్వలేదు.

పౌడీ కొండపట్నం ఆఫీసులో రోడ్లు గీసే సాఫ్ట్‌వేర్‌ను ఆ వారమే మార్చారు. పాతదాంట్లో కొండ తవ్వాల్సిన చోట నున్నటి గీత, మట్టి పోసి ఎత్తాల్సిన చోట దువ్వెన పళ్ల గీత వచ్చేవి. కొత్తదాంట్లో పళ్లు లేవు. తవ్వకానికి ఎరుపు, మెరకకు పచ్చ. తవ్వకం లోతు చెప్పే అంకెల ముందుండే తీసివేత గుర్తునూ పీకేసి, దానికీ రంగే పెట్టారు.

మదన్‌కు ఎరుపూ పచ్చా ఒక్కలాగే ఉంటాయి. పుట్టుకతోనే అంత. ఇన్నేళ్లూ ఆ పళ్లే అతని అన్నం నిలబెట్టాయి. మొన్న జీపు డ్రైవర్ కంటిపరీక్షలో రంగులు చెప్పలేకపోతే సాయంత్రానికల్లా ఇంటికి పంపేశారు. ఇక నోరెలా విప్పుతాడు?

ప్రతి గీత పక్కనా 'తవ్వకం', 'మెరక' అని తనే రాయడం మొదలుపెట్టాడు. కొండవైపు తవ్వకం, లోయవైపు మెరక. అది గుడ్డివాడికైనా తెలుస్తుంది. చిక్కల్లా వాగు వంపు దగ్గర. అక్కడ నేల మెలిపడిపోయి, ఏది కొండవైపో ఏది లోయవైపో తెలీదు. మెరక అని రాసిన చోటే గోడ కడతారు. కింద సిరోలీ ఊరు. మాట తారుమారైతే గోడ లేని మట్టి తొలివానకే ఇళ్లమీదికి దిగుతుంది.

"రజనీ, ఈ వంపు..."

"ఏం, భైజీ?"

"ఏం లేదు. టీ తెప్పించమందామని."

చాలాసేపు తెర వంక చూసి 'తవ్వకం' అని రాశాడు. తప్పయితే పై ఇంజనీరు నౌటియాల్ సాబ్ పట్టుకోకపోరు, ఆయనున్నది అందుకే కదా అనుకున్నాడు.

నౌటియాల్ సంతకం లేనిదే ఏ ప్లానూ గడప దాటదు. గీతలకు పేర్లు రాయలేదని నిన్ననే రజనీ తెచ్చిన కాగితాన్ని బల్లమీంచి తోసేశాడు. "మాటల్లో రాయంది నా ముందు పెట్టకు. రంగుబొమ్మలు చూసి మురిసే వయసు కాదు నాది."

మదన్ కాగితం పరిచాడు. నౌటియాల్ వేలు గీత వెంబడే నడిచి వంపు దగ్గర ఆగింది.

"ఇక్కడ తవ్వకమా?"

మదన్ కాగితాన్ని ఆయన వైపు జరిపాడు. "మీరే ఓసారి చూడండి, సాబ్."

నౌటియాల్ కళ్లద్దాలు తుడుచుకుని వంగి చూశాడు. మళ్లీ చూశాడు.

"తవ్వకమే." సంతకం పెట్టేశాడు. "ఎల్లుండి మిషన్లు దిగుతాయి."

మదన్ గుండెల్లోంచి బండ దిగింది. కాగితం చుట్టి లేవబోతుంటే నౌటియాల్ ఆపాడు.

"కూర్చో. నీలా విడమరిచి రాసేవాడు ఈ ఆఫీసులో ఇంకొకడు లేడు."

సొరుగులోంచి కాఫల్ అనే కొండపళ్ల పొట్లం తీసి విప్పాడు. "అమ్మినవాడు కాయలూ పళ్లూ కలిపేశాడు, వెధవ. రోజూ ఇంటిది ఏరి ఇచ్చేది, ఇవాళ పుట్టింటికి పోయింది."

తలుపువైపు చూసి, తమ్ముడితో చెప్పుకున్నట్టు గొంతు తగ్గించాడు.

"పండినవి నువ్వు ఏరిపెట్టు భుల్లా, నా కళ్లకు ఎరుపు తెలీదు."