కుడివైపు లాగే బండి

పళ్ళ డాక్టరు షెడ్డులో బండి మీద కప్పిన గుడ్డ లాగాడు.

ముందు గాలికి అడ్డంగా అద్దం, వెనక రెండు పక్కలా సామాను పెట్టెలు, ఇద్దరు హాయిగా కూర్చునే సీటు. ఎంత దూరమైనా పరిగెత్తడానికే పుట్టిన బండి.

ఫ్రేముల మాస్టారు దాని చుట్టూ తిరిగాడు. వంగి చూశాడు, ఒక కన్ను మూసి చూశాడు. ఫొటోలకు ఫ్రేములు కట్టే మనిషి. గోడ మీద పటం వెంట్రుకవాసి ఒరిగినా ఆయనకు అన్నం సహించదు.

ఆయన భార్య నాలుగడుగుల అవతల నిలబడింది.

వీధిలో అందరూ ఆమెను రేడియో అనేవాళ్ళు. పొద్దున మొదలైతే నిద్రపోయేదాకా ఆగని నోరు.

పోయినేడు గొంతుకు ఆపరేషన్ అయింది. ప్రాణం దక్కింది, మాట దక్కలేదు.

వీధి ఇప్పటికీ రేడియో అనే అంటుంది. కాకపోతే ఆమె చెవిన పడకుండా అంటుంది.

గేటు బయట వాళ్ళ పాత బండి ఉంది. పెళ్ళయిన కొత్తలో కొన్నది. ఎత్తు ఎక్కమంటే రొప్పుతుంది, నాలుగు వీధులు తిప్పితే అలుగుతుంది. ఆమెకు సముద్రం చూపిస్తానని మాస్టారు మాటిచ్చాడు. దీనిమీద అంత దూరం ఎక్కడ పోతాంలే అని ఏటికేడు వాయిదా వేశాడు.

ఆసుపత్రి నుంచి ఆమెను ఇంటికి తెచ్చిన రోజున మాత్రం, ఇక వాయిదా వేసేది లేదనుకున్నాడు.

తీరా బండి కొనబోతే ఏదీ నచ్చదు. చూసిన ప్రతిదానికీ ఒకటే వంక పెట్టాడు. కుడికి లాగుతోందట.

డాక్టరుకు నడుము నొప్పి. అందుకే అమ్ముతున్నాడు. ఒక రౌండు వేసి రమ్మని తాళంచెవి ఇచ్చాడు గానీ, దాన్ని వదలడానికి ఆయన వేళ్ళు కాస్త మొరాయించాయి.

మాస్టారు వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాడు. దిగుతూనే తల అడ్డంగా ఊపాడు.

"మంచి బండేనండీ. కానీ కుడికి లాగుతోంది."

డాక్టరు మొహం చిన్నబోయింది. నడుము పట్టుకుని తనే ఎక్కాడు. ఖాళీ వీధి మధ్యలో రెండు చేతులూ వదిలేశాడు. బండి గీత గీసినట్టు నేరుగా పోయింది.

తిరిగి వచ్చి, ఇంకోసారి నడపమన్నాడు. ఈసారి తను గేటు దగ్గర నిలబడి చూస్తానన్నాడు.

మాస్టారు మళ్ళీ వెళ్ళి వచ్చాడు. డాక్టరు గేటు దగ్గర నుంచి ఎదురొచ్చాడు.

"బండి కాదు మాస్టారూ, మీరే. కదలగానే తల కుడిభుజం మీదికి వాలుస్తున్నారు. తలతో పాటు ఒళ్ళు, ఒంటితో పాటు బండి. మెడ గానీ పట్టేసిందా?"

మాస్టారుకు నవ్వొచ్చింది. ఎవరితో, వంకర గురించి చెప్పేది! నా మెడకేం, నిక్షేపంలా ఉంది అందామని భార్య వైపు చూశాడు.

ఆమె అప్పటికే మొహం పక్కకు తిప్పుకుంది.

అప్పుడు తెలిసింది ఆయనకు.

పాత బండి సైలెన్సరుకు చిల్లు. ఆ మోతలో మాట వినపడాలంటే ఆమె ఆయన కుడిభుజం మీద గడ్డం ఆనించాలి, ఆయన చెవి అటు వంచాలి.

పక్కింటి కోడలి ముచ్చట్లు, కూతురి అలకలు, అదిగో గుంత, ఇదిగో కుక్క, ఇంతకీ పాల కింద పొయ్యి ఆపానా లేదా. ఇంట్లో ఉంటే ఎవరి పనిలో వాళ్ళు. కాపురం కబుర్లన్నీ ఆ సీటు మీదే జరిగాయి.

ఆమె చెప్పేది, ఆయన ఊఁ కొట్టేవాడు. ఊఁ కాస్త ఆలస్యమైతే వీపు మీద ఒక్కటి పడేది.

ఆ చిల్లు మూయించమని మెకానిక్ ఎన్నిసార్లు చెప్పినా మాస్టారు వినలేదు.

ఆ గొంతు ఎంతగా గుర్తొచ్చిందంటే, ఆ షెడ్డు ముందే ఆయనకు ఏడుపు ముంచుకొచ్చింది. అరచేతిలో తాళంచెవిని చూస్తూ నిలబడ్డాడు. ఇన్నాళ్ళూ వంక పెట్టి వెనక్కి పంపిన బండ్లన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"వద్దులెండి," అన్నాడు చివరికి. "మాకు పాతదే చాలు. సముద్రానికి ఏ రైలో చూసుకుంటాం."

ఆమె చరచరా వచ్చింది. ఆయన చేతిలోంచి తాళంచెవి లాక్కుని బండికి పెట్టింది. సీటు మీద గట్టిగా ఒక చరుపు చరిచింది.

ఆమెకు ఎదురు చెప్పడం ఆయనకు మొదటినుంచీ అలవాటు లేదు. ఎక్కాడు.

ఆమె వెనక కూర్చుని సర్దుకుంది. డాక్టరు గేటు బార్లా తెరిచాడు.

ఇంజను మోగింది. మోగిందనడానికి కూడా లేదు, చీమ చిటుక్కుమన్నా వినపడేంత మెత్తగా ఉంది. ఈ బండి మీదైతే గుసగుసగా చెప్పినా వినపడేది. మాస్టారు బండిని గేటు దాటించాడు.

మలుపు తిరిగారు.

కుడిభుజం మీద గడ్డం ఆనింది. చెవి పక్కన వెచ్చగా ఊపిరి తగిలింది. పక్క అద్దంలో చూస్తే ఆమె పెదవులు కదులుతున్నాయి, ఎప్పటిలాగే, ఆగకుండా.

మాస్టారు తల అటు వంచాడు. బండి కుడికి లాగింది.

"ఊఁ," అన్నాడు. "ఆ తర్వాత?"