మసక ఫొటోలో కారు

సత్యవేణి తాతయ్య కాకినాడలో టాక్సీ నడిపేవాడు. కారు పక్కన నిలబడి తీయించుకున్న ఫొటో ఒక్కటే మిగిలింది, అదీ మసకబారింది. అది ఏ కారో తెలుసుకుందామని ఆమె ఆ ఫొటోను గోడకు చూపించింది. ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ అలా మాట్లాడే తెరలాంటి గోడ ఒకటి ఉంది. ఏ బొమ్మ చూపించినా తళతళలాడించి పెడుతుంది.

"అంబాసిడర్," అంది గోడ. మెరిసే కారు, దాని బానెట్ మీద ఐదు వేళ్లూ ఆనించి నవ్వుతున్న తాతయ్య.

సత్యవేణికి ఒళ్లు మండింది. "ఐదు వేళ్లెక్కడివిరా?" అంది తమ్ముడు ప్రభాకరంతో. "ఈ ఫొటోకి ముందే, కారు ముందు హ్యాండిల్ తిప్పి స్టార్ట్ చేస్తుంటే అది వెనక్కి తన్ని రెండు వేళ్లు పోయాయి. ఆ మూడు వేళ్లతోనే నాకు అన్నం కలిపి పెట్టాడు."

"పోనీలే అక్కా, లోపం కనబడకుండా చేసింది."

"లోపమా!"

విసురుగా ఫొటో తీసుకుని డాబా మీదికి వెళ్లింది. ఎండలో వట్టి కళ్లతో చాలాసేపు చూసింది. ముందు అద్దం మధ్యలో నిలువుగా ఒక గీత కనిపించింది. అంటే రెండు ముక్కల అద్దం. పాత మోరిస్ కారుకి అలా ఉండేదని తాతయ్యే ఎప్పుడో చెప్పాడు.

కిందికొచ్చి ఆ మాట చెబితే, గోడ క్షమించమని వెంటనే మోరిస్‌ని గీసింది. వేళ్లు మాత్రం ఐదే.

"మూడు," అని అరిచింది సత్యవేణి.

"దెబ్బతిన్న శరీరాలను చూపించను," అంది గోడ, ఎంతో మర్యాదగా.

ఆమె వైరు పట్టుకుని ఊడబీకింది. గోడ నల్లబడిపోయింది.

"ఇంక తాతయ్య గురించి ఎవరైనా అడిగితే ఎలా?" అన్నాడు ప్రభాకరం బిత్తరపోయి.

"నేను చెబుతాను."