ఇరా డాగెట్ ఓటు

సెనేటర్‌ని ఎన్నుకోవడానికి అమెరికాలోని మొంటానా రాష్ట్ర శాసనసభ వారాల తరబడి ఓట్లు వేస్తూనే ఉంది. గని యజమానికీ పశువుల ఆసామికీ సరిసమానంగా పడుతున్నాయి. తేలేదాకా సభ్యులెవరినీ ఊరు దాటనివ్వడం లేదు.

ఇన్నాళ్ళూ ఆ ఇద్దరికీ ఓటెయ్యని ఇరా డాగెట్‌ని, న్యుమోనియాతో ఉన్నా, మంచంతో సహా సభలోకి మోసుకొచ్చారు. వెనకే అతని భార్య కోరా వచ్చింది.

"మా ఆయన్ని వదిలెయ్యండయ్యా, చచ్చిపోతాడు!"

"ఇద్దరిలో ఒక పేరు చెప్పించమ్మా. మీ ఊరి రైలు దాకా మేమే మోస్తాం," అన్నాడు స్పీకర్.

ఇరా పెదవులు కదిలాయి, మాట ఎవరికీ వినపడలేదు. కోరా వంగి అతని నోటి దగ్గర చెవి పెట్టింది.

"ఆడాళ్ళకి ఓటెప్పుడిచ్చాంరా?" అని ఎవరో అరిస్తే సభంతా నవ్వింది.

కోరా నిలబడి పశువుల ఆసామి పేరు చెప్పింది. సగం సభ టోపీలు ఎగరేసింది, సగం సభ తిట్లు లంకించుకుంది.

"మీ ఆయన రాష్ట్రాన్ని కాపాడాడమ్మా!" అన్నాడొకడు కళ్ళు తుడుచుకుంటూ.

"ముందు మంచం ఎత్తండి," అంది కోరా.

రైలు కదలకముందే ఇరా కన్నుమూశాడు.

సభలో అతను ఆమె చెవిలో ఏ పేరూ చెప్పలేదు. నోటికి ముందు వచ్చిన పేరే ఆమె పలికింది. అతను అడిగింది ఒక్కటే: "ఇంటికి పోదాం, కోరా."